‘టక్’మంటే తప్పు బ్యాటరీదేనా?

సినిమాలో హీరో బటన్ నొక్కగానే బండి గర్జిస్తుంది. ఆ సినిమాలు తయారయ్యే ఫిల్మ్‌నగర్‌కి దగ్గర్లోనే ఉన్న టోలిచౌకిలో ఆదివారం పొద్దున్నే నాన్న కాలంనాటి బండిని బయటికి తీసి, తళతళా తుడిచి, తాళం తిప్పి సెల్ఫ్ కొడితే... ‘టక్’! అంతే. ఇంజిన్‌లో చలనం ఉండదు. మళ్లీ నొక్కితే మళ్లీ ‘టక్’. హారన్ మాత్రం మోగుతుంటుంది. హెడ్‌లైటూ వెలుగుతుంటుంది. ‘బ్యాటరీ పోయింది’ అంటారొకరు. ‘కాదు, మోటారే కాలిపోయింది’ అంటారింకొకరు. కొత్త బ్యాటరీ వస్తుంది. వేలు వదులుతాయి. అయినా... ‘టక్’!

పాత బండ్లంటే ముచ్చటపడే ఇళ్లలో తరచూ జరిగే తంతే ఇది. చాలాసార్లు తప్పు బ్యాటరీదీ కాదు, మోటారుదీ కాదు. ఆ రెంటినీ కలిపే తీగది. ఆ తీగ కొసన పట్టిన చిలుముది!

పుట్టుకతోనే పేచీ

కారుకి ఎలక్ట్రిక్ స్టార్టర్‌ని తెచ్చింది అమెరికా ఇంజినీరు చార్లెస్ కెటరింగ్. 1912లో కాడిలాక్ కార్లకు దాన్ని అమర్చారు. రెండేళ్లకే, 1914లో, ఇండియన్ కంపెనీ హెండీ స్పెషల్ మోటార్‌సైకిల్‌కీ పెట్టింది. కానీ ఆనాటి బ్యాటరీలు ఆ భారాన్ని మోయలేకపోయాయి. కంపెనీ ఆ ప్రయత్నాన్నే మానుకుంది. తర్వాత 1965లో హార్లే డేవిడ్‌సన్ ఎలక్ట్రా గ్లైడ్, 1969లో హోండా సీబీ 750 సెల్ఫ్‌తో వచ్చాయి. మన దేశంలో 1980ల్లో కైనెటిక్ హోండా స్కూటర్ ఇంటింటికీ ఆ సుఖాన్ని రుచి చూపించింది. 2021లో వచ్చిన కొత్త క్లాసిక్ 350కైతే కిక్ రాడ్డే లేదు!

లైటు చెప్పే అబద్ధం

‘లైటు వెలుగుతోందిగా, వైరింగ్ బాగున్నట్టే’ అనుకోవడమే అసలు పొరపాటు. 60 వాట్ల హెడ్‌లైటుకి 12 వోల్టుల బండిలో 5 ఆంపియర్ల కరెంటు చాలు. ఇంజిన్‌ని తిప్పే మోటారుకి మాత్రం పదుల ఆంపియర్లు కావాలి. తీగ కొసన తుప్పు పట్టి 0.02 ఓమ్‌ల నిరోధం చేరిందనుకుందాం. లైటుకి వెళ్లే కరెంటు అక్కడ నష్టపోయేది 0.1 వోల్టే. తేడా కంటికి తెలియదు. అదే దారిలో 80 ఆంపియర్లు వెళ్లబోతే 1.6 వోల్టులు అక్కడే హరీమంటాయి! సన్నటి గొట్టంలోంచి చెంబు నిండుతుంది కానీ ట్యాంకరు నిండదుగా. ఇదీ అంతే.

చెవితో సగం, మీటరుతో సగం

సగం రోగాన్ని శబ్దమే చెప్పేస్తుంది. బటన్ నొక్కినా అసలు చప్పుడే లేదా? ఫ్యూజు, బటన్ లోపలి కాంటాక్టులు, క్లచ్ స్విచ్, న్యూట్రల్ స్విచ్, వాటి సన్న తీగలు చూడాలి. టకటకటకమని కొట్టుకుంటోందా? బ్యాటరీ నీరసించి ఉండాలి, లేదా దాని టెర్మినళ్లు వదులై ఉండాలి. ఒక్క ‘టక్’తో ఆగిపోతోందా? స్టార్టర్ రిలే కదిలిందన్నమాటే. అక్కణ్నుంచి మోటారు దాకా వెళ్లే లావు తీగ, ఎర్త్ తీగ, రిలే లోపలి కాంటాక్టులు, మోటారు... వీటిలో ఒకటి దోషి. మోటారు గిర్రున తిరుగుతున్నా ఇంజిన్ కదలకపోతే అది వైరింగ్ జబ్బు కాదు, మెకానిక్ పని.

మిగతా సగానికి మామూలు మల్టీమీటర్ చాలు. బండిని న్యూట్రల్‌లో, సెంటర్ స్టాండ్ మీద ఉంచాలి. నిండుగా చార్జయిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు అది 9.5 కన్నా దిగిపోతే బ్యాటరీని అనుమానించాలి. దిగకపోతే అసలు పరీక్ష ఇప్పుడు: మీటరు ఒక కొసను బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ మీద, రెండోది ఇంజిన్ లోహం మీద పెట్టి, ఇంకొకరిని బటన్ నొక్కమనాలి. అర వోల్టుకు మించి చూపిస్తే ఎర్త్ తీగ దొరికిపోయినట్టే! అలాగే బ్యాటరీ రెండో టెర్మినల్‌కీ మోటారు టెర్మినల్‌కీ మధ్యా చూడాలి. రెండువైపులా బాగుండి, కరెంటు చేరుతున్నా తిరగకపోతే అప్పుడే మోటారు విప్పాలి. లోపల కార్బన్ బ్రష్‌లు అరిగి ఉండొచ్చు.

వాన వెలిశాక...

2020 అక్టోబరు వానలకు టోలిచౌకిలోని నదీం కాలనీ నీట మునిగింది. అలా మునిగిన బండి పైకి ఆరినట్టే ఉంటుంది. కనెక్టర్లలో దాగిన తడి మాత్రం నెలల తరబడి రాగిని తింటూనే ఉంటుంది. రంగు వేయించిన బండ్లదీ ఇదే బాధ. ఎర్త్ బోల్టు కింద పెయింటు పడితే కరెంటుకి దారుండదు.

మందు చవకే. ముందుగా బ్యాటరీ ఎర్త్ తీగ తీసేయాలి, బిగించేటప్పుడు దాన్ని ఆఖరున బిగించాలి. కొన్ని పాత ఇంగ్లిష్ బండ్లలో ఎర్త్ పాజిటివ్ వైపు ఉంటుంది, గమనించుకోవాలి. కొసల్ని ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన కాస్త వాసెలిన్ రాస్తే సరి. ఉంగరం, గడియారం తీసే పని మొదలెట్టాలి. బటన్‌ని ఒక్కో విడత 5 సెకన్లకు మించి నొక్కకూడదు. మాటిమాటికీ ఫ్యూజు పోతోందని దాని స్థానంలో తీగ ముక్క చుట్టడమంటే మంటను పిలిచినట్టే.

మార్చేముందు కొలవాలి... పాత బండి కోరేది ఇదొక్కటే. వేలు పోసి కొత్త బ్యాటరీ కొన్నా కదలని నాన్న బండి, ఓ ఎమరీ పేపరు ముక్కతో మళ్లీ ‘డుగ్ డుగ్’మంటే... ఆ ఆదివారం ఇంట్లో పండగే!