ఇంటర్వెల్ తరవాత ఆట ఉంటుందా?

తెర మీద హీరోగారికి ఉద్యోగం దొరక్కపోవడం మనకు కొత్త కాదు. చంకలో సర్టిఫికెట్ల ఫైలు, కాళ్లకు అరిగిన చెప్పులు, ఎదురుగా ‘నో వేకెన్సీ’ బోర్డు! 1981లో వచ్చిన ‘ఆకలి రాజ్యం’లో కమల్ హాసన్ నిరుద్యోగిగా తిరుగుతుంటే హాల్లో కూర్చున్న కుర్రకారు అది తమ కథే అనుకున్నారు. బాగానే ఉంది. కాని ఆ బొమ్మను తెర మీదకు పంపుతున్న మనిషి సంగతి ఎప్పుడైనా ఆలోచించారా? మన వీపుల వెనక, గోడకున్న చిన్న కంత అవతల, బనీనుతో చెమటలు కక్కుతూ నిలబడ్డ ఆపరేటరు ఉద్యోగం రేపటికి ఉంటుందో ఊడుతుందో కనుక్కోవాలని మనం ఒక్కసారైనా వెనక్కి తిరిగామా?

నాకు తిరక్క తప్పలేదు. ఎందుకంటే ఆ ఆపరేటరు స్వయానా మా మేనమామ!

హైదరాబాదు పాతబస్తీలో, గౌలిపురాలో ఆయన ఇల్లు. పనిచేసే హాలు అక్కడికి సైకిలు దూరం. హాలు పేరు మాత్రం అడక్కండి. “రాస్తె రాయి అల్లుడా, హాలు పేరు మాత్రం పెట్టకు. మా సేఠుకు సినిమా పత్రికలు చదివే అలవాటుంది” అన్నాడు. సేఠుగారు ఇది చదువుతూ ఉంటే ఆయనకు నా నమస్కారాలు.

సైకిలు మీద సగం సినిమా

మామయ్య ఈ లైనులోకి వచ్చింది 1985లో, పదిహేడో ఏట. అప్పుడాయన పని ‘షిఫ్టింగు’. అంటే ఏమిటో ఈనాటి పిల్లలకు చెప్పాలి. ఒకే ప్రింటును రెండు హాళ్లలో ఆడించేవారు. ఇక్కడ కొన్ని రీళ్లు అయిపోగానే డబ్బాలో సర్ది, సైకిలు వెనక కట్టి, రెండో హాలుకు పరిగెత్తించాలి. అక్కడ ఆట కాస్త ఆలస్యంగా మొదలై ఉంటుంది. దారిలో ట్యూబు పంక్చరయిందా, అక్కడి జనం కుర్చీలు విరగ్గొడతారు. లాడ్ బజారు రద్దీ తప్పించుకుని సందుల్లోంచి సైకిలు తొక్కడంలో మామయ్య ఆరితేరాడు.

అక్కణ్ణించి క్యాబిన్‌లోకి. ముందు అసిస్టెంటు, తరవాత లైసెన్సున్న ఆపరేటరు. రెండు ప్రొజెక్టర్లు, కార్బన్ కడ్డీల వెలుగు. కడ్డీలు కాలి తరుగుతూ ఉంటే వాటి మధ్య ఎడం సరిచేస్తూ ఉండాలి, లేకపోతే తెర మీద హీరోయిన్ మొహం మాడిపోయినట్టు కనబడుతుంది. రీలు ఆఖరున తెర పైమూల చిన్న చుక్క మెరుస్తుంది. అది చూసి రెండో మిషను అందుకోవాలి. “గా చుక్క కోసం చూసీ చూసీ, ఇంట్ల టీవీ పెట్టినా నా కండ్లు మూలకే పోతయి” అంటాడు.

భయం వచ్చిన ప్రతిసారీ

నలభై ఏళ్లలో ఈ ఉద్యోగం పోతుందని ఎన్నిసార్లు భయపడ్డావు మామయ్యా అని షాలిబండలో ఇరానీ హోటలు బల్ల దగ్గర లెక్క వేద్దామని కూర్చున్నాం. రెండు చాయ్‌లు అయినా లెక్క తేలలేదు. 1977లో హైదరాబాదుకు దూరదర్శన్ వచ్చినప్పుడే హాళ్ల పని సరి అన్నవాళ్లున్నారట. అది ఆయన చేరకముందు మాట. చేరాక వీడియో పార్లర్లు వచ్చాయి, తరవాత కేబులు వచ్చింది. ప్రతిసారీ వచ్చే పండక్కి హాలు ఉండదన్నారు. ఉంది.

అసలు దెబ్బ డిజిటల్ రూపంలో తగిలింది. 2005 ప్రాంతం నుంచి ఉపగ్రహం మీదుగా, హార్డ్ డిస్కుల్లో సినిమాలు పంపే పద్ధతి మన దేశంలో పాకింది. 2013లో ఫ్యూజీ కంపెనీ సినిమా ఫిలిం తయారీయే ఆపేసింది. మామయ్య హాలుకు కొత్త మిషను 2010లో వచ్చింది. అంతకుముందు క్యాబిన్‌లో ఇద్దరు ఆపరేటర్లు, ఇద్దరు అసిస్టెంట్లు. ఇక మీదట ఒక్కడు చాలునన్నారు.

ఇక్కడ ఇద్దరు ఆపరేటర్ల కథ చెప్పాలి. సీనియర్ గొప్ప పనివాడు. చప్పుడు వినే మిషనులో ఏ పళ్లచక్రం అరిగిందో చెప్పేవాడు. ఆయన కొత్త పెట్టెను చూసి, బటను నొక్కుడు కూడా పనేనా అని క్యాబిన్ దిగి వెళ్లాడు. మామయ్యకూ కడుపులో అదే మంట. కాని మిషను బిగించడానికి వచ్చిన ఇంజినీరు కుర్రాడికి మూడు రోజులు చాయ్ మోశాడు. అతను చెప్పిన ప్రతి ముక్కా స్కూలు నోటుబుక్కులో తెలుగులో రాసుకున్నాడు. సర్వర్ ఎలా తెరవాలి, లైసెన్సు ఫైలు రాకపోతే ఎవరికి ఫోను చేయాలి, దుమ్ము ఫిల్టరు ఎన్నాళ్లకు కడగాలి, కరెంటు పోతే యూపీఎస్ ఎన్ని నిమిషాలు ఆగుతుంది... ఆ పుస్తకం నేను చూశాను. అట్ట వెనక రీలు డబ్బా బొమ్మ వేసి ఉంది. ఎందుకు వేశావంటే నవ్వాడు.

మిగిలిన ఒక్క ఉద్యోగం ఆయనకు దక్కింది. సీనియర్ ఇప్పుడు ఓ ఫంక్షన్ హాల్లో జనరేటరు చూసుకుంటున్నాడు. మామయ్య గెలిచాడని నేను అనను. పనితనంలో ఆ సీనియరే పెద్ద. కాకపోతే పనితనం ఏ మిషనుకు అతుక్కుని ఉందన్నది ఆయన చూసుకోలేదు.

తాళం పడ్డ రోజులు

2020 మార్చి. లాక్‌డౌన్. సినిమా హాళ్లన్నిటికీ తాళాలు. మొదటి నెల సగం జీతం వచ్చింది, తరవాత సేఠు ఫోను రాలేదు. ఏడాది ఆఖర్లో సగం సీట్లతో తెరుచుకోవచ్చునన్నారు. కాస్త ఊపిరి పీల్చుకునే లోపల 2021 ఏప్రిల్‌లో మళ్లీ మూత. జూలై ఆఖరుకు గాని బొమ్మ పడలేదు. ఆ మధ్యలోనే బహదూర్‌పురాలో శ్రీరామ, టోలీచౌకిలో గెలాక్సీ ఇక తెరుచుకోవన్న వార్తలు వచ్చాయి. సాటి హాలు పోయిందంటే ఆపరేటరుకు పక్కింట్లో చావు లాంటిదే.

ఆ పదహారు నెలల్లో మామయ్యను నిలబెట్టింది నోటుబుక్కులోని యూపీఎస్ పేజీ! ఇళ్లలో ఇన్వర్టర్లు బాగుచేశాడు, వైరింగు చేశాడు. అత్తయ్య పాట పాడకుండా దాచిన చిట్టీ ఇంటి అద్దెను కాసింది. అప్పట్నించీ ఆవిడదో నియమం. చిట్టీని ఆఖరు నెల దాకా ఎత్తదు. “మీ మామ జీతం సిన్మా అసుంటిది, శుక్రవారం ఉంటది, సోమవారం ఉండదు” అంటుంది.

2024 మే 17 నుంచి తెలంగాణలో సింగిల్ స్క్రీన్ హాళ్లు పది రోజులు ఆటలు ఆపాయి. ఒకపక్క ఎన్నికలు, ఒకపక్క ఐపీఎల్, చెప్పుకోదగ్గ కొత్త సినిమా లేదు. వచ్చే నలుగురి కోసం ఏసీ వేస్తే కరెంటు బిల్లుకే చాలదన్నారు. మరుసటేడు మేలో ఇంకో గొడవ. డిస్ట్రిబ్యూటరు హాలుకు వారానికింతని అద్దె కట్టే పద్ధతి వద్దు, వసూళ్లలో వాటా ఇవ్వండి, లేకపోతే జూన్ 1 నుంచి మూసేస్తామని ఎగ్జిబిటర్లు పట్టుబట్టారు. తరవాత ఆ మాట వెనక్కి తీసుకున్నారు. పెద్దల పంచాయతీ పెద్దలు తేల్చుకుంటారు. ఈలోగా గేట్‌కీపరుకు నిద్ర ఉండదు, ఆ సంగతి ఏ ప్రెస్‌మీట్‌లోనూ రాదు.

పుకారు వేరు, ఆనవాలు వేరు

నేను కూడా ఈ భయం రుచి చూసినవాణ్ణే. ఓ పత్రిక డెస్కులో పనిచేస్తుండగా ఒక శనివారం సాయంత్రం, సోమవారం నుంచి రానక్కర్లేదన్నారు. చేతిలో అపాయింట్‌మెంటు ఆర్డరు కూడా లేదు. ఏడాది నుంచీ వింటున్న పుకారే గనక ఆ రోజు నిజంగా వచ్చిందని నమ్మడానికే నాకు వారం పట్టింది. అందుకే మామయ్యను అడిగాను, పుకారుకూ నిజానికీ తేడా ఎలా కనిపెడతావని.

ఆయన క్యాంటీన్ కబుర్లు పట్టించుకోడట. హాలు వంక చూస్తాడట. చిరిగిన సీట్లు కుట్టించడం ఆపారా? ప్రొజెక్టరు ల్యాంపు గంటలు దాటినా కొత్తది తెప్పించడం లేదా? పార్కింగు కాంట్రాక్టు ఏడాదికి కాకుండా నెలనెలకూ ఇస్తున్నారా? ఇవి ఒకటీ అరా ఎప్పుడూ ఉండేవే. “కని, ప్యాంటు షర్టేసుకుని ఇద్దరొచ్చి టేపుతోని కాంపౌండు గోడ కొలిచిన్రనుకో, నాడు మాత్రం నేను ఫోన్లు మొదలువెడ్త.”

ఆ ఇద్దరు పోయిన వేసవిలో వచ్చారు.

రేకుపెట్టెలో ఏముంది?

ఆ రాత్రి మామయ్య మంచం కింద రేకుపెట్టె లాగాడు. ఆపరేటరు లైసెన్సు, పాత జీతం చీటీలు, పీఎఫ్ కాగితాలు. పీఎఫ్‌లో ఆయన పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది! ఒక్క అక్షరం తేడా. దాన్ని దిద్దించడానికి నాలుగు నెలలు, హాలు మేనేజరు చుట్టూ ప్రదక్షిణాలు. అయినా అదృష్టమే. ఉద్యోగంలో ఉండగా కాబట్టి మేనేజరు సంతకం దొరికింది. హాలు పడగొట్టాక ఎవరి సంతకం కోసం వెళతాడు?

సినిమా హాలు పనివాళ్ల కోసం 1981లో కేంద్రం ఓ చట్టం చేసిందని చాలామంది పనివాళ్లకే తెలియదు. ఐదుగురు, అంతకు మించి పనిచేసే హాలుకు పీఎఫ్, గ్రాట్యుటీ వర్తిస్తాయని అందులో ఉంది. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చి అలాంటి పాత చట్టాలను తమలో కలుపుకున్నాయి. గ్రాట్యుటీ లెక్క మాత్రం మారలేదు. ఆఖరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తో హెచ్చించి, సర్వీసు ఏళ్లతో హెచ్చించాలి. నెలకు 13,000 రూపాయల మీద లెక్క కడితే ఏడాదికి 7,500, ఇరవై ఏళ్లకు లక్షా యాభై వేలు. సర్వీసుకు రుజువు కావాలి మరి. చేతికి నోట్లిచ్చి పుస్తకంలో రాయని ఏళ్లు ఏ లెక్కలోకీ రావు. మామయ్య మొదటి పదమూడేళ్లు అలాగే పోయాయి. సైకిలు తొక్కిన కాలం కాగితం మీద లేదు!

బయోడేటా రాసిన రాత్రి

“డిగ్రీ చదివినవ్ గద, నా బయోడేటా రాసిపెట్టు” అన్నాడు ఒకరోజు. కాగితం తీశాను. పేరు, వయసు రాశాక ఆగిపోయాం.

“ఏం రాస్తవ్? సిన్మాలు ఆడిచ్చిన. గంతే.”

గంతే ఎలా అవుతుంది? మిషను చెడితే ఎవరు చూస్తారు? నేనే. జనరేటరు? నేనే. ఏసీ ట్రిప్పయితే? ముందు నేను చూసి, కాకపోతే మెకానిక్‌ను పిలుస్తా. స్పీకర్లు? ఫైర్ బకెట్లు, సిలిండర్లు? అన్నీ ఆయనే. ఆట ఆగిపోయి జనం అరుస్తుంటే? “కిందికొచ్చి రెండు నిమిషాలని చెప్త. కోపం చెయ్యద్దు భాయ్ అంట.” అదీ రాశాను. గంట తిరిగేసరికి పేజీ నిండింది. మామయ్య దాన్ని రెండుసార్లు చదివి, “ఈయనెవడో బాగ పనోడున్నడు” అన్నాడు. అత్తయ్య వంటింట్లోంచి తొంగి చూసింది.

ఆ కాగితంతో ఓ మల్టీప్లెక్సుకు వెళ్లాడు. ఐటీఐ సర్టిఫికెట్ ఉందా అన్నారు, వయసు చూశారు, ఫోను చేస్తామన్నారు. చేయలేదు. బస్సులో తిరిగి వస్తూ ఒక్క మాట మాట్లాడలేదని అత్తయ్య చెప్పింది. నిజానికి ఈ లైనులో ఉద్యోగాలు ప్రకటనల్లో దొరకవు. సినిమాతో పాటు హాలు హాలుకూ తిరిగే రిప్రజెంటేటివ్‌లకు ఎక్కడ మనిషి కావాలో ముందు తెలుస్తుంది. వాళ్లను మామయ్య ఏనాడూ చాయ్ తాగకుండా పంపలేదు. అలాంటి ఒకరి ద్వారానే యూపీఎస్‌లు అమ్మే డీలరు ఫోను చేశాడు. పొద్దున ఏడు నుంచి పది దాకా సర్వీసు పని, ఇంటికింతని లెక్క. మామయ్య ఒప్పుకున్నాడు. పదకొండింటికి హాల్లో ఉంటాడు.

ప్రహరీ కొలిచినవాళ్లు మళ్లీ రాలేదు. సేఠు ఏమీ చెప్పలేదు. సీట్లు మాత్రం కుట్టించలేదు.

మొన్న శుక్రవారం నేను వెళ్లేసరికి బుకింగు క్లర్కు లెక్క చెబుతున్నాడు, మ్యాట్నీకి ముప్పై రెండు టిక్కెట్లు. “ఏసీ వేద్దామా, ఫ్యాన్లు చాలా?” అని కింది నుంచి మేనేజరు అరిచాడు. మామయ్య యూపీఎస్ పనిముట్ల సంచీ గోడకు తగిలించి, కంతలోంచి ఒకసారి హాల్లోకి చూశాడు.

“పిల్లలొచ్చిన్రు సార్, వెయ్యున్రి” అని బెల్లు కొట్టాడు.