మంచము ప్రక్కని చిన్నబల్ల



మా తల్లిగారికి మోకాళ్లు పట్టుకొనిపోయి, రాత్రివేళ మంచినీళ్ల చెంబుకొరకు నేలకు వంగుట కష్టమైనప్పుడు, మంచము ప్రక్కన నొక చిన్నబల్ల చేయ సంకల్పించితిని. పల్నాటిలోని మా పాతయిల్లు విప్పినప్పుడు మిగిలిన టేకు తలుపుచెక్క యొకటి అటకమీద నుండెను. అతుకులేక పదునైదంగుళముల వెడల్పు గలది. మా తండ్రిగారు జీవితమంతయు తీసి మూసిన తలుపు. అటువంటి చెక్క మరల దొరకదు. నేను వడ్రంగిని కాను, పని విరమించిన బడిపంతులును. కావున చేసినదానికంటె చెడగొట్టినదానినే ముందుగా చెప్పవలసి యున్నది.

శ్రావణమాసములో బల్ల ముగించితిని. కదలకుండవలెనని పైచెక్కకు క్రింద నలువైపుల సరేసు పూసి, చుట్టు పట్టెలకు మరమేకులతో బిగించివేసితిని. సంక్రాంతికి వచ్చిన బంధువులు మెచ్చుకొనిరి. రోహిణికార్తెలో ఒక మధ్యాహ్నము టప్పుమని చప్పుడైనది. "ఏం విరిగిందిరా?" అని అమ్మ కేకవేసినది. పోయి చూడగా చెక్క నడుమ ఈ కొసనుండి ఆ కొసవరకు పగిలియుండెను.

మా వీథిలోని వృద్ధ ఆచారిగారు వచ్చి, పగులులో గోరు పెట్టి చూచి, "కొయ్యను కట్టేశారు పంతులుగారూ. దానికి వానాకాలం ఒక ఒళ్లు, ఎండాకాలం ఒక ఒళ్లు" అనిరి.

నూరేండ్ల కొయ్యకు కూడ నిట్లగునా యని నాకు సందేహము కలిగినది. తప్పక యగును. కొయ్య యనునది సన్నని గొట్టములను ప్రక్కప్రక్కన చేర్చి కట్టిన మోపువంటిది. ఎంత పాతదైనను గాలిలోని తేమను పీల్చుటయు విడుచుటయు మానదు. తేమ పీల్చినప్పుడు ఆ గొట్టముల గోడలు ఉబ్బును. పొడవు మాత్రము ఇంచుమించు మారదు. కనుక కొయ్య నిడివికి నిలిచి, వెడల్పునకు పెరుగుచు తరుగుచు నుండును. అందును దుంగ వలయముల వెంబడి కలిగెడి మార్పు, నడిబొడ్డునుండి బెరడు వైపునకు కలిగెడి మార్పునకు సుమారు రెట్టింపు. టేకు ఈ విషయమున మిక్కిలి నెమ్మదైనది. అయినను పదునైదంగుళముల చెక్క వానలకును వేసవికిని నడుమ అంగుళములో ఎనిమిదవవంతు వరకు కదలవచ్చును. నేను ఉబ్బిన కాలమున బిగించితిని. తరుగుకాలమున దానికి చోటు లేక చీలినది.

ఇక రెండవసారి చేసిన విధము వినుడు. సరేసునకు ఒక సుగుణము కలదు: వేడినీటిలో ముంచిన గుడ్డ వేసిన కొంతసేపటికి మెత్తబడును. అట్లు మెల్లగా పైచెక్కను ఊడదీసితిని. పగిలిన రెండు మొగములను చిత్రికపట్టి, మరల సరేసుతో అతికి, త్రాళ్లతో బిగించి రెండుదినములు ఉంచితిని. వెడల్పులో అరయంగుళము పోయినది.

కాళ్ల సంగతి చెడలేదు. మంచము పదునెనిమిది అంగుళముల యెత్తు గనుక బల్లను ఇరువది అంగుళములు చేసితిని. పండుకొన్నవారి చేయి చెంబునకు సులభముగా తగులును. ఒకటిన్నర అంగుళపు చదరపు కాళ్లకు బెజ్జములు ముందు తొలిచి, వానికి సరిపడునట్లు పట్టెల కుసులు పిదప కోయవలెను; బెజ్జమును సవరించుటకంటె కుసిని గీకుట తేలిక. కాలి తలను ఒక అంగుళము అదనముగా ఉంచి, పని ముగిసినపిమ్మట కోయవలెను. లేనిచో ఉలిదెబ్బకు తల చీలును. చట్రము సరియైనదో కాదో మూలమట్టముకంటె ఒక పురికొస బాగుగా చెప్పును: మూలనుండి మూలకు రెండు కొలతలును సమానము కావలెను.

పైచెక్కను నిలుపుటయే అసలు పని. పట్టెల లోపలివైపున, పైయంచునకు అరయంగుళము దిగువగా సన్నని గాడి తీసితిని. చిన్న కొయ్యబిళ్లలకు నాలుకవంటి కొసను మిగిల్చి, ఆ నాలుకను గాడిలో దూర్చి, బిళ్లను మాత్రము పైచెక్కకు మరమేకుతో బిగించితిని. నిడుపు పట్టెల గాడులలో నాలుక ముందర కొంచెము ఖాళీ విడిచితిని. అడ్డపట్టెలలో బిళ్లలు గాడివెంట జారును. చెక్క పైకి లేవదు, ప్రక్కకు మాత్రము తన యిష్టము వచ్చినట్లు కదలును. సరేసు ఎక్కడను పూయలేదు. ఇది ఆచారిగారు చెప్పిన ఉపాయము. కూలి యిమ్మన్నను పుచ్చుకొనలేదు.

అటుపిమ్మట రెండు వేసవులు గడచినవి, చెక్క పగులలేదు. అతుకువద్ద ఒక భాగము వెంట్రుకవాసి ఎత్తుగా నిలిచినది, అది నా చిత్రిక లోపము. సరిచేసెదనంటే అమ్మ వలదన్నది. చీకటిలో ఆ గీత వ్రేలికి తగిలిన వెంటనే చెంబు ఎటువైపున ఉన్నదో ఆమెకు తెలియునట.