సముద్రపు కాంక్రీటుకి ఏ రంగు పూయాలి?

భీమిలి దగ్గర రొయ్యల హేచరీ నడిపే మా బావ కిందటి నెల ఫోన్ చేశాడు. "ఒరే బావా, సముద్రం నీళ్ళొచ్చే పైపూ, కాంక్రీటు సంపూ గుల్లలు పట్టి మూసుకుపోతున్నాయి. మనుషుల్ని దింపి గీకించలేక చస్తున్నా. మీ అమెరికాలో ఏం పూస్తారు?" అని. సియాటిల్‌లో సివిల్ ఇంజనీరుగా ఉన్నందుకు ఇలాంటి ప్రశ్నలు నాకు మామూలే.

నిజానికి మా ఊళ్ళో పూయడం మాట అటుంచి, గుల్లల్ని రమ్మని పిలుస్తారు! 2017లో పూర్తయిన ఎలియట్ బే సీవాల్ కాంక్రీటు పలకలని కావాలనే గరుకుగా, అంచులు పెట్టి పోశారు. నాచూ గుల్లలూ పడితే సాల్మన్ పిల్లలకి మేత దొరుకుతుందని. (ఈసారి అటు వెళితే కాలిబాటలో అద్దాలు చూడండి, కింద ఈదే చేపలకి వెలుతురు కోసం పెట్టినవి.) పాత గోడ కింది కర్రల్ని సముద్రపు పురుగులు తినేశాయి గానీ, గుల్లలు కాంక్రీటుని తినవు. తనిఖీకి వచ్చినవాళ్ళకి పగుళ్ళు కనబడకుండా కప్పేస్తాయి, అంతే.

గొడవంతా నీళ్ళు పారే చోటే. సముద్రపు నీళ్ళతో చల్లబరుచుకునే విద్యుత్ కేంద్రాలు క్లోరిన్ కలుపుతాయి. అదీ ఇష్టం వచ్చినట్టు కాదు. పెద్ద కేంద్రాలు తిరిగి సముద్రంలోకి వదిలే నీళ్ళలో లీటరుకి 0.2 మిల్లీగ్రాములు మించకూడదని ఇక్కడి ఫెడరల్ నిబంధన. కాలిఫోర్నియాలోని సాన్ ఒనోఫ్రే కేంద్రం, 2013లో మూతపడకముందు, వేడినీళ్ళని వెనక్కి పంపి గుల్లల్ని చంపేది.

బావ మనసు మాత్రం పడవలకి పూసే రాగి రంగు మీద ఉంది. వద్దన్నాను. బార్నకిల్ చూడ్డానికి నత్తగుల్లలా ఉన్నా, అది రొయ్యలకీ పీతలకీ చుట్టం. దాని పిల్లని చంపే రాగి రొయ్యపిల్లని వదిలిపెడుతుందా? సిలికాన్ పూత విషం కాదు, జారుడు మాత్రమే. కానీ నీటి వేగం ఉంటేనే గుల్లలు ఊడతాయి, నిలవనీళ్ళ సంపులో దండగ.

నేను చెప్పింది సముద్ర పరిశోధనశాలల పాత పద్ధతి: రెండు పైపులు. ఒకటి వాడుతుంటే రెండోది మూసి ఉంచాలి. లోపలి నీళ్ళలో ప్రాణవాయువు అయిపోయి, అప్పుడే అంటుకున్న పిల్లలు చచ్చిపోతాయి. ముదిరిన గుల్లలు నోరు మూసుకుని రోజుల తరబడి తట్టుకుంటాయి కాబట్టి, ముందు ఒకసారి శుభ్రంగా గీకించి మొదలెట్టాలి. మూసిన పైపు తెరిచినప్పుడు ఆ కుళ్ళునీళ్ళు ముందు బయటికి వదిలెయ్యాలి, సంపులోకి రానివ్వకూడదు.

"రంగు డబ్బాతో పోతుందనుకుంటే పైపు కొనమంటావేంట్రా!" అని విసుక్కున్నాడు. నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు, వాల్వులు ఏ సైజువి కొనాలని.