గుర్రాన్ని చూడకుండానే పందెం కాశారు

మలక్‌పేట: రేస్‌కోర్సులో అనుభవమున్న పందెగాడు ముందు గుర్రాన్ని నడిపిస్తుంటే చూస్తాడు. నడక ఎలా ఉంది, చెమట పట్టిందా అన్నది తేల్చుకున్నాకే జేబులో చెయ్యి పెడతాడు. నిజాం కాలంలో 1886లో మౌలాలి నుంచి ఇక్కడికి మారిన ఈ మైదానానికి కొద్ది దూరంలోనే చంచల్‌గూడ జైలు. సత్యం కంప్యూటర్స్ అధిపతి బి.రామలింగరాజును 2009 జనవరిలో తెచ్చింది ఆ జైలుకే. ఆయన కంపెనీ షేర్లు కొనమని సలహాలిచ్చిన నిపుణులు మాత్రం గుర్రాన్ని చూసినవారు కారు. కాగితం చూశారు.

కాగితం మీద అంతా బాగానే ఉండేది. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు 2,700 కోట్ల ఆదాయం, 649 కోట్ల లాభం చూపారు. 2009 జనవరి 7న రాజు స్వయంగా రాసిన లేఖ ప్రకారం అసలు ఆదాయం 2,112 కోట్లు, లాభం 61 కోట్లే. అంటే 24 శాతం కాదు, 3 శాతం. చేతిలో, బ్యాంకుల్లో ఉన్నట్లు రాసుకున్న 5,361 కోట్లలో 5,040 కోట్లు లేనేలేవు.

మరి ఎలా మోసపోయారు? తోటి సాఫ్ట్‌వేర్ కంపెనీలకూ లాభాలు దండిగా ఉండటంతో 24 శాతం ఎవరికీ వింతగా తోచలేదు. పెద్ద నగదు నిల్వను బలమనుకున్నారు. అంత సొమ్ము ఊరికే బ్యాంకులో ఎందుకు పడి ఉందని అడగవలసింది. చిల్లర కొట్టువాడు కూడా సాయంత్రం గల్లాపెట్టె తెరిచి చూసుకుంటాడు కదా! పైగా ఆడిటర్లు సంతకం పెట్టారు. 2008 సెప్టెంబరులో కంపెనీ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. తర్వాత దాన్ని వెనక్కి తీసుకున్నారు.

2008 డిసెంబరు 16న రాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామనగానే వాటాదారులు భగ్గుమన్నారు. గంటల్లోనే ఆ ప్రతిపాదన రద్దయింది. ఆ సొమ్మును అలా ఖర్చుపెట్టడం న్యాయమా అన్నదే అప్పటి గొడవంతా. సొమ్ము ఉందా అన్న ప్రశ్నకు ఎవరూ పోలేదు. ఆ లేని సొమ్ము స్థానంలో నిజమైన ఆస్తి చూపేందుకే ఈ ఎత్తు వేశామని రాజు తన లేఖలో ఒప్పుకున్నారు.

లేఖ వచ్చిన రోజు సుమారు 179 రూపాయలున్న షేరు 40 రూపాయలకు పడింది. సొంత ఊరి కంపెనీ అన్న అభిమానంతో కొని దాచుకున్నవారికి అమ్ముకునే వ్యవధి కూడా చిక్కలేదు.

ఆ తర్వాత మార్కెట్ లెక్క రెండోవైపు తప్పింది. కంపెనీ పని అయిపోయిందనుకున్నారు, షేరు రెండు రోజుల్లో 11.50కి దిగింది. నిజానికి దొంగవి లెక్కలే గాని పనిచేసే ఇంజనీర్లు, విదేశీ ఖాతాదారులు నిజమే. ప్రభుత్వం కొత్త డైరెక్టర్లను వేసింది. ఏప్రిల్ 13న జరిగిన వేలంలో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల లెక్కన పాడింది. అగ్గువకు అమ్ముకున్నవారు రెండోసారి నష్టపోయినట్లయింది.

2015 ఏప్రిల్ 9న ప్రత్యేక కోర్టు రాజుతో పాటు మొత్తం పదిమందికి ఏడేళ్ల శిక్ష విధించింది. మే నెలలో పై కోర్టు ఆ శిక్షను నిలిపి బెయిలిచ్చింది. కొనమని రాసిన నిపుణుల పేర్లు ఆ పదిమందిలో లేవు. తప్పు అంచనా వేయడం నేరం కాదు మరి. 2013లో సత్యం టెక్ మహీంద్రాలో కలిసిపోయినప్పుడు, పట్టుదలగా అట్టిపెట్టుకున్నవారికి 17 పాత షేర్లకు 2 కొత్త షేర్లు దక్కాయి.