బొటనవేలి లెక్క

ఒరేయ్ మనవడా, హెచ్చవేతలు వచ్చుగా? అయితే ఇలా కూర్చో. తెనాలిలో ఒక మినపప్పు మిల్లు. బెల్టులో చెయ్యి పడి ఒకతని బొటనవేలు పూర్తిగా పోయిందనుకో. వయసు ముప్పై. ఏం వస్తుంది? ఓనరు దయ అంటారు చాలామంది. దయేం కాదు, పనిలో గాయపడితే పరిహారం ఇప్పించే 1923 చట్టం నాటి లెక్క. ఆ చట్టం 2025 నవంబరులో సామాజిక భద్రత కోడ్‌లో కలిసిపోయినా సూత్రం అదే.

ముందు నెల జీతం తేలాలి. తిరకాసంతా అక్కడే. ఏడాదికి తగ్గకుండా చేస్తుంటే, కిందటి పన్నెండు నెలల సంపాదనలో పన్నెండో వంతు. చేరి నెల కూడా కాకపోతే, అక్కడే అదే పని చేసే ఇంకొకరి సగటు.

మనవాడు ఈ రెండిటికీ మధ్యలో ఉన్నాడు. చేరి 60 రోజులైంది. కూలి రోజుకు 500, పని దొరికింది 44 రోజులు, చేతికొచ్చింది 22,000. దాన్ని 30తో హెచ్చవేసి 60తో భాగించు. 11,000. రోజుకు 500 అంటే నెలకు 15,000 కదా అనకు. పని లేని రోజులు కూడా ఆ 60లోనే ఉన్నాయి మరి! రేపల్లె, బాపట్లల్లో బస్తాలు మోసే ముఠా వాళ్లకీ ఇదే ఇబ్బంది. సరుకు రాకపోతే కూలి లేదు, రోజు మాత్రం లెక్కలో పడుతుంది. నాకైతే ఇది కాస్త కఠినమే అనిపిస్తుంది. మధ్యలో 14 రోజులకు మించి పనికి రాకపోతే లెక్క మళ్లీ మొదటికే. ఎక్కువ సంపాదించేవాడికీ ఓ కంచె ఉంది: 2020 జనవరి నుంచి నెలకు 15,000 దాటి చూడరు.

ఇక 11,000లో 60 శాతం, 6,600. దీన్ని వయసు గుణకంతో హెచ్చవెయ్యాలి. ముప్పయ్యేళ్లకు 207.98, నలభై అయిదుకు 169.44. అరవై దాకా 360 నెలలుంటే గుణకం 208 లోపే ఎందుకంటావా? నెలనెలా రావలసింది ఒకేసారి ఇస్తే, బ్యాంకులో వేసుకుంటే వడ్డీ వస్తుందిగా. అందుకే ఆ తగ్గింపు. మొత్తం 13,72,668. ఇది పూర్తిగా పని చెయ్యలేని వాడికి. బొటనవేలికి పట్టికలో 30 శాతం, అంటే సుమారు 4,11,800 రూపాయలు. నెల లోపల ఇవ్వకపోతే ఏటా 12 శాతం వడ్డీ కూడా కట్టాలి.

అతను ఈఎస్ఐలో ఉంటే మాత్రం ఈ లెక్క వర్తించదు. అక్కడి పద్ధతి వేరు.