హవానా కుర్రాడి గిటార్

క్యూబా రాజధాని హవానాలో 1939లో పుట్టిన లియో బ్రౌవర్, ఐజాక్ నికోలా దగ్గర గిటార్ పద్ధతిగా నేర్చుకున్నాడు. పియానోకీ వయొలిన్‌కీ ఉన్నన్ని గొప్ప రచనలు గిటార్‌కు లేవనిపించి, ఇరవై నిండకముందే తానే రాయడం మొదలుపెట్టాడు. క్యూబా విప్లవం తర్వాత ఉపకారవేతనంతో న్యూయార్క్ జూలియార్డ్ సంగీత పాఠశాలలో కొంతకాలం చదివి, తిరిగొచ్చి క్యూబా సినిమా సంస్థలో సంగీతం చూసుకున్నాడు.

అతని ‘ఎస్తూదియోస్ సెన్సియోస్’ వినాలి. పేరుకు చిన్న అభ్యాసాలే, కొన్ని నిమిషమైనా ఉండవు. ఒక్కోటి వేళ్లకు ఒక్కో చిక్కు పెడుతుంది. వినేవాళ్లకు మాత్రం పాఠంలా తోచవు. లోపల ఆఫ్రో-క్యూబన్ లయ గంతులేస్తుంటుంది. మన సరళీ వరుసలకు ఈ అదృష్టం లేదు మరి!

1980ల్లో కుడిచేతి వేలు దెబ్బతిని కచేరీలు మానేశాడు. రచన, ఆర్కెస్ట్రా నిర్వహణ సాగాయి. 1992 నాటి మెక్సికన్ సినిమా ‘లైక్ వాటర్ ఫర్ చాక్లెట్’ సంగీతమూ అతనిదే.