పెరుగు బలం తోడులోనే లేదు.. వేడిలోనూ ఉంది!

వరంగల్: అవే పాలు, అదే తోడు. చలికాలంలో తెల్లవారినా పేరుకోదు. ఎండాకాలంలో మధ్యాహ్నానికే పులిసిపోతుంది. గృహిణులు దీనిని రుచికి సంబంధించిన ఇబ్బందిగానే చూస్తారు. పెరుగులోని లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా హానికర క్రిములను ఏ మేరకు అణచగలదన్నది తేలేదీ ఇక్కడే.

ఈ బ్యాక్టీరియా పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. తాజా పాల పీహెచ్ సుమారు 6.6 ఉంటుంది. అది 4.6కు దిగేసరికి పాలు గడ్డకడతాయి. ఆ పులుపులో చాలా రకాల రోగకారక క్రిములు పెరగలేవు. కొన్ని జాతులు బ్యాక్టీరియోసిన్లనే ప్రోటీన్లనూ విడుదల చేస్తాయి. 1928లో గుర్తించిన నైసిన్ వీటిలో ప్రసిద్ధమైనది. లిస్టీరియా, స్టఫైలోకోకస్ వంటి వాటిని ఇది దెబ్బతీస్తుంది కానీ ఈ.కొలై, సాల్మొనెల్లాలపై ఒంటరిగా అంతగా పనిచేయదు. పెరుగు సర్వరోగ నివారిణి అనే ప్రచారాన్ని నమ్మనక్కర లేదు.

నైసిన్‌నిచ్చే లాక్టోకోకస్‌కు 30 డిగ్రీల వేడి అనుకూలం. యోగర్ట్ తయారీలో వాడే స్ట్రెప్టోకోకస్ థర్మోఫిలస్, లాక్టోబాసిల్లస్ బల్గారికస్ జంటకు 42 డిగ్రీలు కావాలి. ఇంటి తోడులో పలు రకాలు కలగలిసి ఉంటాయి. మే నెలలో ఓరుగల్లు ఎండకు వాటిలో ఒకటి నీరసిస్తే మరొకటి పుంజుకుంటుంది. బ్యాక్టీరియా వేగంగా పెరిగే వేడిలోనే బ్యాక్టీరియోసిన్ అధికంగా పుడుతుందన్న నియమమూ లేదు. పలు జాతుల్లో అంతకన్నా తక్కువ వేడిలోనే ఎక్కువగా తయారవుతుంది.

అసలు ప్రమాదం ఆలస్యంలో ఉంది. తోడు బలహీనమై పులుపు మెల్లగా ఎక్కితే, ఆ వ్యవధిలో స్టఫైలోకోకస్ ఆరియస్ పెరిగి విషాన్ని వదలవచ్చు. ఆ తర్వాత పెరుగు ఎంత పులిసినా, మజ్జిగ పులుసుగా మరిగించినా ఆ విషం పోదు.

తోడు చతికిలబడటానికి పశువుల కొట్టం కూడా కారణమవుతుంది. పొదుగువాపు సోకిన గేదెకు యాంటీబయాటిక్ వేయించి, వైద్యుడు చెప్పిన గడువు తీరకముందే పాలు పోస్తే ఆ మందు తోడులోని మేలు చేసే బ్యాక్టీరియానూ చంపుతుంది. భీమదేవరపల్లి మండలంలో 2002లో పని మొదలుపెట్టిన ములుకనూరు మహిళా డెయిరీ వంటి సహకార సంఘాల్లో అనేక గ్రామాల పాలు ఒక్కచోట కలుస్తాయి. గడువు పాటించడం ఒక్క ఇంటి వ్యవహారం కాదు. పాలు విరగకుండా వంట సోడా కలపడం కూడా ఇంతే చేటు. సోడా పులుపును విరిచి క్రిములకు వెసులుబాటు ఇస్తుంది. చట్టరీత్యా అది కల్తీ.

కాచిన పాలను గోరువెచ్చగా చల్లార్చి, క్రితం రోజు పెరుగుతో తోడు పెట్టాలి. పేరుకోగానే ఫ్రిజ్‌లోనో, తడిగుడ్డ చుట్టిన కుండలోనో ఉంచితే పులుపు అదుపులో ఉంటుంది.